కడలూరు రోడ్డు మీద ఫ్రాన్సు ప్రయాణం

పోయిన నెల బెంగళూరు నుంచి ఒక కుర్రవాడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాత కార్లు కొని బాగుచేయించుకోవడం అతనికి సరదా. మా నాయన కారు చేతులు మారి మారి ఆఖరికి అతని షెడ్డుకు చేరిందట. దాన్ని నడుపుకుంటూ ఫ్రాన్సు దాకా పోవాలని అతని కోరిక. "ఆంటీ, మీ నాన్నగారు ఇదే కారుని ఇదే ప్రయాణానికి సిద్ధం చేశారని విన్నాను. ఏమేం చేశారో కాస్త చెప్తారా?" అని ఫోను నా ముందు పెట్టి కూర్చున్నాడు. ఫోనులో మ్యాపు, మ్యాపు మీద నీలం గీత, ఆ గీత పొడుగునా ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో చుక్కలు. ఈ వయసులో నాకు వంటింట్లోంచి వసారాలోకి రావడమే ఒక ప్రయాణం. అయినా పిల్లవాడు అంత దూరం నుంచి వచ్చాడు కదా అని కాఫీ ఇచ్చి గుర్తున్నంత చెప్పాను. ప్లగ్గులు, రేడియేటరు, పైన బిగించిన ఇనప క్యారియరు. అతను అడిగింది కారు గురించి కాబట్టి అమ్మ సంగతి ఎత్తలేదు. అతను వెళ్ళిపోయాక మాత్రం రెండు రోజులు ఒంట్లో సత్తువ లేనట్టే ఉండిపోయాను. అతనికి చెప్పకుండా మిగిలిపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

మాది పాండిచ్చేరిలో చెట్టి వీధి. పెద్ద మార్కెట్టు పక్కన నాయనకు కొట్టు ఉండేది. తాళ్ళు, కొక్కేలు, మేకులు, పడవలకు పూసే తారు అమ్మేవాడు. తాతల కాలంలో ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, ఆఫీసు పనులకు అంతో ఇంతో ఫ్రెంచి. తెలుగు చదవడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఫ్రాన్సు వెళ్ళిన మా పిన్నమ్మ రాసే జాబుల్లో కూడా మాటలు తెలుగువి, అక్షరాలు తమిళంవి. నేను ఈ అక్షరాలు దిద్దుకున్నది పెళ్ళయి కొన్నేళ్ళు నెల్లూరులో ఉన్నప్పుడే. ఫ్రెంచివాళ్ళు ఊరు విడిచి వెళ్ళేటప్పుడు, కోర్టులో పనిచేసే ఒక దొర తన నల్ల కారుని నాయనకు అమ్మి పోయాడు. ఫ్రాన్సులో చేసిన బండి కాబట్టి స్టీరింగు ఎడమ పక్క. గేరు కడ్డీ స్టీరింగు పక్కన, ముందు పలకలోంచి పొడుచుకొచ్చేది. ముందు తలుపులు అన్ని కార్ల తలుపులకూ విరుద్ధంగా తెరుచుకునేవి. వీధిలో పిల్లలు ఆ తలుపులు చూడటానికే వచ్చేవారు. ఇంట్లో మేం ముగ్గురమే, నాయన, అమ్మ, నేను. ఊళ్ళో అందరికీ నాయన 'కార్ చెట్టియార్'.

అమ్మ పుట్టిల్లు పక్కనున్న ఏంబలం. వాళ్ళమ్మ పోయేనాటికి చెల్లెలు సుగుణ చంకలో పిల్ల. చెల్లెల్ని ఎత్తుకు తిరిగిందీ, జడలు వేసిందీ, సంబంధం చూసి సాగనంపిందీ అంతా అమ్మే. పిన్నమ్మ మొగుడికి ఫ్రెంచి పౌరసత్వం ఉండేది. మా ఊళ్ళో అలాంటి కుటుంబాలు చాలా. పెళ్ళయిన కొన్నాళ్ళకే వాళ్ళిద్దరూ పారిస్ పక్కన ఏదో ఊరికి బయల్దేరారు. ఆ రోజు రైలు దగ్గర పిన్నమ్మ అమ్మను వాటేసుకుని వదలడం లేదు. నాయన ఏం చెయ్యాలో తోచక, "ఏడవబాకు సుగుణా. మీ అక్కను నేనే కార్లో తీసకొచ్చి నీ వాకిట్లో దింపుతా" అన్నాడు. ఓదార్పు మాట అనుకున్నాం. ఇంటికి తిరిగి వచ్చే దారిలోనే నాయన దాన్ని నిజం చేసేశాడు. ఆ రోజుల్లో జుట్టు పెంచుకున్న తెల్లపిల్లలు వ్యాన్లలో టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా పాండిచ్చేరి వచ్చి పడుతుండేవారు. వాళ్ళు వచ్చిన దారినే మనం పోతామన్నాడు. అమ్మ ఆ మాట నమ్మింది. నమ్మడమంటే మా అమ్మ లాగా నమ్మాలి. మర్నాడే మామిడికాయలకు చెప్పి పంపింది.

ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు మా ఇంటికి రెండు వాసనలు ఉండేవి. ముందు వసారాలో పెట్రోలూ గ్రీజూ, వెనక వసారాలో ఆవపిండీ నువ్వుల నూనే. ఆదివారం పొద్దున నాయన పాత పంచె కట్టుకుని, మణి మేస్త్రిని పిలిపించి, ఇంజను విప్పేవాడు. లోపల పేరుకున్న మసి గీకి, వాల్వులు నూరి, ఒక్కొక్క భాగాన్నీ తడిక మీద పరిచేవారు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము ఒక పక్క తుడుస్తుంటే ఇంకో పక్క తుప్పు పట్టేది. అందుకని స్పేరు సామానునంతా ఆముదంలో ముంచిన గుడ్డల్లో చుట్టి, ఏ మూటలో ఏముందో ఎవరూ మరిచిపోకుండా పసుపు దారం, ఎర్ర దారం, నల్ల దారం కట్టేవాడు. మధ్యాహ్నం కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, పైన సీకాయపొడి రుద్దుకుని అన్నానికి కూర్చునేవాడు. అయినా ముద్దలో కిరసనాయిలు వాసనే వస్తోందని విసుక్కునేవాడు. అమ్మ తన వంతు పని తను చేసేది. వేసంగి రాగానే దారికోసమని ఒక జాడీ ఆవకాయ, పిన్నమ్మకని ఒక జాడీ. ఆ ఏడు ప్రయాణం పడదు. వానాకాలంలో దారికోసం పెట్టింది మేం తినేస్తాం. ఎండలొచ్చేలోగా పిన్నమ్మదీ తినేస్తాం. మళ్ళీ మామిడికాయలు వస్తాయి. "ఫ్రాన్సు ఆవకాయ వెయ్యనా?" అని అడిగేది అమ్మ, నాయన నవ్వుతాడో లేదో చూస్తూ. మొదట్లో నవ్వేవాడు.

అసలు చిక్కు పరస్తానంతో వచ్చింది. పుస్తకాల్లో ప్రస్థానం అంటారు, మా ఇళ్ళల్లో పరస్తానమే. మంచి ముహూర్తం ఉండి మనిషి ఆ వేళకు కదలలేకపోతే, మూటో గొడుగో ఏదో ఒకటి పొలిమేర అవతల తెలిసినవాళ్ళింట్లో పెట్టి వస్తారు. ప్రయాణం మొదలైనట్టే లెక్క. వెనకాల మనిషి నిదానంగా పోయి, ఆ వస్తువు తీసుకుని అటు నుంచి అటే సాగిపోవాలి. ఆ ఏడు పురోహితుడు దివ్యమైన ముహూర్తం పెట్టాడు. కానీ గేరు పెట్టెలో వెయ్యాల్సిన పళ్ళచక్రం ఫ్రాన్సు నుంచి వచ్చేవాళ్ళెవరో తేవాలి, వాళ్ళు రాలేదు. ముహూర్తం పోగొట్టుకోవడం ఇష్టం లేక నాయన అమ్మ పెట్టెను పరస్తానం పెడదామన్నాడు. మా బంధువు రాజమ్మత్తకు పిళ్ళైచావడిలో జాలరులకు ఉప్పూ పప్పూ అమ్మే అంగడి ఉండేది. ఫ్రాన్సుకు పోవాలంటే ముందు మద్రాసు, మద్రాసుకు పోవాలంటే ఉత్తరం, ఉత్తరానికి పిళ్ళైచావడి. అద్దె బండిలో పెట్టె తీసుకెళ్ళి రాజమ్మత్త ఇంట్లో దించి వచ్చాం. అందులో అమ్మ పట్టుచీరలు, ఎవరో వాడి ఇచ్చిన ఉన్ని కోటు, పాస్‌పోర్టు, అక్కాచెల్లెళ్ళకు తల్లి గుర్తుగా మిగిలిన వెండి కుంకుమభరిణె. ఆ భరిణె పిన్నమ్మకు ఇవ్వాలని అమ్మ పట్టుదల. పరస్తానం పెట్టిన వస్తువు వెనక్కి ఇంటికి రాకూడదు. కొద్ది రోజుల్లో కదలకపోతే ముహూర్తం చల్లారిపోతుంది, మళ్ళీ పెట్టాలి. పెట్టె ఇంటికి రాకూడదు, మళ్ళీ పరస్తానం పెట్టాలి, ఎలా? పురోహితుడే దారి చెప్పాడు. ప్రతిసారీ నాయన అక్కడికి బస్సులో పోయి, పెట్టెను రాజమ్మత్త ముందు గదిలోంచి వెనక గదిలోకి, వెనక గదిలోంచి ముందు గదిలోకి మార్చి వచ్చేవాడు.

నవ్వొచ్చే సంగతే, మేమూ నవ్వుకున్నాం. కానీ ఊళ్ళో పెళ్ళిళ్ళు ఆగవు కదా. అమ్మ మంచి చీరలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. ఎవరింట్లోనైనా ముహూర్తముంటే అమ్మ తెల్లారే బస్సెక్కి పిళ్ళైచావడి పోయి, అక్కడ పట్టుచీర కట్టుకుని, ఎండు చేపల బుట్టల మధ్య నిలబడి బస్సులో తిరిగొచ్చేది. పెళ్ళి భోజనమయ్యాక మళ్ళీ పోయి చీర మడిచి పెట్టెలో పెట్టి, నేత చీరలో ఇల్లు చేరేది. రాజమ్మత్త ఒకసారి నాతో, "మీ అమ్మ సగం ఈడనే కాపురం ఉండాదే. మీ నాయనకు నేనొక మాట చెప్పేదా?" అంది. అమ్మ వద్దని తల ఊపింది. "చెప్పినా ఏంది వదినా? ఆయన చేస్తానే ఉండాడు కదా" అంది. నిజమే, చేస్తూనే ఉన్నాడు. చెయ్యడం లేదని ఎవరూ అనలేరు.

కారును పరీక్షగా నడిపి చూడాలి. కానీ పెట్టె ఉత్తరాన కూర్చుని ఉంది. ప్రయాణం రోజు తప్ప కారు ఆ దిక్కున పొలిమేర దాటకూడదని నాయన నియమం పెట్టుకున్నాడు. కాబట్టి పరీక్షలన్నీ దక్షిణాన, కడలూరు రోడ్డు మీద. ఆదివారం సాయంత్రం ముగ్గురం కారెక్కి కిరుమాంబాక్కం దాకా పోయి, అక్కడ టీ తాగి, నాయన బానెట్ ఎత్తి చెవి పెట్టి విని, ఏదో ఒకటి పట్టుకునేవాడు. "టక్ టక్‌మని సద్దు వస్తా ఉండాది చూడు. ఎడారిలో ఇది నిలబడిపోతే మన గతి ఏంది?" అనేవాడు. నాకేమీ వినిపించేది కాదు. అమ్మ కిటికీలోంచి వరిచేలు చూస్తూ ఒకసారి మెల్లగా, "ఏమండీ, ఫ్రాన్సు కడలూరు పక్క ఉండాదా?" అంది. నాయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో కోపమేమీ లేదు, సిగ్గు కూడా లేదు. కారు తిప్పి ఇంటికొచ్చాం, మర్నాడు మళ్ళీ ఇంజను విప్పారు.

ఇంతలో ఊరంతా తెలిసిపోయింది. ఫ్రాన్సుకు పోయేవాళ్ళ చేత అక్కడున్న తమవాళ్ళకు ఏదో ఒకటి పంపడం మా ఊరి వాడుక, కాదనడం మర్యాద కాదు. వీధి వీధంతా మూటలు తెచ్చింది. వడియాలు, అప్పడాలు, పసుపు కొమ్ములు, నోములకు పంచే రవికగుడ్డలు. ఎదురింటి ముసలమ్మ కూతురికి అక్కడ ఇడ్లీలకు పిండి రుబ్బే దారి లేదని రోలూ పొత్రమూ తెచ్చి మా వాకిట్లో దించింది. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది మన సంగతి అని అమ్మ గొణిగింది కానీ, నాయన ముసలమ్మను కాదనలేకపోయాడు. రోలు బరువుకు కారు వెనక భాగం కుంగుతోందని మేస్త్రి చేత స్ప్రింగులు మార్పించాడు. మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని, "చెట్టియారే, ఇదు కారా, లారీయా?" అని అడిగాడు. స్ప్రింగులు గట్టిపడేసరికి ఇంకా మోయగలదని మరో నాలుగిళ్ళ నుంచి మూటలొచ్చాయి.

ఒక సంక్రాంతి దాటాక పిన్నమ్మ మొగుడి దగ్గర నుంచి కబురొచ్చింది. అక్కయ్యకు విమానం టిక్కెట్టు తనే పంపుతానని. పిన్నమ్మకు అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు, రక్తపోటు. అమ్మ ముఖం ఆ రోజు ఎలా వెలిగిందో నేను చూశాను. నాయన ఉయ్యాలబల్ల మీద కూర్చుని, "నా పెండ్లాన్ని ఇంకొకడి టిక్కెట్టు మీద పంపేదా? కారు సిద్ధమైపోయింది రుక్కూ. ఇంక రేడియేటరు ఒక్కటే" అన్నాడు. అమ్మ లోపలికి పోయి పొయ్యి ఊదుకుంది. రేడియేటరు అయింది. తర్వాత డైనమో. ఆ తర్వాత రేడియోలో ఇరాన్‌లో అల్లర్లన్నారు, ఆఫ్ఘనిస్తాన్‌లో సైన్యం దిగిందన్నారు. జుట్టు పెంచిన పిల్లల వ్యాన్లు రావడం మానేశాయి. దారి మూసుకుపోయింది. నాయన ఏమాత్రం చలించలేదు. "దారి తెరిచేలోపల బండి ఇంకా బాగా చేసుకుందాం" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన కంఠంలో నాకు ఒక ఊరట వినిపించింది. ఆ ఊరటకే నాకు భయం వేసింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మీద కోపం రావడం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. నాయన మద్రాసు దాటి ఎరగడు. ఫ్రెంచిలో నమస్కారం, సరుకు, రేపు, ఇవి తప్ప మాటలు రావు. పాండిచ్చేరిలో ఆయన కార్లో ఫ్రాన్సుకు పోబోయే మనిషి. టీకొట్టు దగ్గర లేచి చోటిచ్చేవారు, ఇరాన్‌లో పెట్రోలు ఎలా దొరుకుతుందో అడిగేవారు, ఆయన చెప్పేవాడు. బయల్దేరిన మరుక్షణం ఆ గొప్పంతా పోయి, భాష రాని చోట దారి అడుక్కునే ముసలివాడవుతాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు. భయపడ్డాడు మా నాయన, అంతే. భయమని ఒప్పుకునే అలవాటు లేక మరమ్మతు అన్నాడు. ఇల్లలకగానే పండగ కాదంటారు. మా ఇంట్లో అలుకుతూనే ఉన్నాం.

పిన్నమ్మకు జబ్బు ముదిరిందని తంతి వచ్చిన రోజు అమ్మ ఏడవలేదు. నాయన కొట్టు నుంచి వచ్చి, తంతి నా చేత చదివించుకుని, "ఒక్క నెల. క్లచ్చు పలక మార్చేస్తే..." అని మొదలుపెట్టాడు. అమ్మ వినలేదు. చేతిసంచీ కూడా తీసుకోకుండా నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకు నడిచింది. పిళ్ళైచావడిలో రాజమ్మత్త ముందు గదిలో పెట్టె పక్కన కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని నాతో అంది: "నువ్వు ఇంటికి పో. మీ నాయనకు చెప్పు. నేను బయల్దేరి చానా కాలమాయ. పెట్టె కాడికి వచ్చేసినాను, ఇంక వెనక్కి వచ్చేదానికి లేదు. మరిదిగారికి తంతి కొట్టి టిక్కెట్టు తెప్పించమను." ఆచారం ఆయన పెట్టిందే, ఆయనే కాదనలేడు. ఇంటికొచ్చి ఆ మాటలు చెప్తుంటే నాయన తల దించుకుని విన్నాడు. తర్వాత చొక్కా వేసుకుని తంతి ఆఫీసుకు నడిచిపోయాడు.

టిక్కెట్టు, వీసా వచ్చేదాకా అమ్మ రాజమ్మత్త ఇంట్లోనే ఉంది. మద్రాసు విమానాశ్రయానికి తనే దింపుతానన్నాడు నాయన. కారు మొదటిసారి ఉత్తరం పొలిమేర దాటింది. పైన క్యారియరు మీద పెట్రోలు డబ్బాలు, నీళ్ళ డబ్బాలు, వెనక రంగురంగుల దారాల మూటలు, అన్నీ ఉన్నాయి. తియ్యాలని ఎవరికీ తట్టలేదు. నేను వెనక పెట్టెను పట్టుకుని కూర్చున్నాను. స్టీరింగు ఎడమ పక్క కావడంతో ముందున్న లారీని దాటాలంటే అవతల ఏమొస్తోందో నాయనకు కనపడదు. కుడి పక్క కూర్చున్నవాళ్ళు తల బయటపెట్టి చూసి చెప్పాలి. అమ్మ చెప్పింది. "పోవచ్చునా?" అంటాడు నాయన. "ఉండండి... ఆఁ, పొండి" అంటుంది అమ్మ. అలా లారీలూ బండ్లూ దాటుకుంటూ కారు నీళ్ళు తాగినంత సులువుగా పోయింది. దగ్గలేదు, వేడెక్కలేదు, ఎక్కడా ఆగలేదు. తిండివనంలో కాఫీకి నిలిపి, అలవాటు కొద్దీ నాయన బానెట్ ఎత్తాడు. చెవి పెట్టి విన్నాడు. చాలాసేపు వంగి చూశాడు.

అమ్మ కారు దిగి పక్కన నిలబడింది. "ఏమన్నా రిపేరా?"

"ఏం లేదు. బాగుండాది."

"ఎప్పట్నించి బాగుండాదండీ?"

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది. నాయన బానెట్ దించి, చేతికి మసి ఏమీ అంటకపోయినా గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. నా జీవితంలో ఆయన అంత చిన్నగా కనిపించింది ఆ ఒక్క పూటే.

మొన్నటి కుర్రవాడు మరో రెండు నెలల్లో బయల్దేరుతున్నాడు. దారి ఇంకా అక్కడక్కడా మూసే ఉందట. అలాంటి చోట కారుని ఓడలో వేస్తాడట. తను ఎక్కడున్నదీ అమ్మానాన్నలకు ఫోనులో నిమిష నిమిషానికీ తెలుస్తుందట. మా వీధి పిల్లలు పారిస్‌లో ఉన్న మేనత్తలతో పొద్దున లేవగానే ముఖాలు చూసుకుని మాట్లాడుతున్నారు. ఎవరి రోలు ఎవరూ మోయనక్కర లేదు. మంచిదే. ఒకరిని చూడటానికి ఇన్నేళ్ళు సిద్ధపడటం ఏం గొప్ప? ఆ రోజుల్లో అంతా బాగుండేదని రాసేవాళ్ళను చూస్తే నాకు అలసట వస్తుంది. ఆ రోజుల్లో మాకు ఆవకాయ బాగుండేది. మిగతాదంతా ఎదురుచూపే.

అమ్మ తిరిగి వచ్చే రోజు నాయనా నేనూ మళ్ళీ కార్లోనే మద్రాసు వెళ్ళాం. అమ్మ ఉన్ని కోటు చేతి మీద వేసుకుని బయటికొచ్చింది. చిక్కిపోయి ఉంది. నాయన పెట్టె అందుకుంటూ, "సుగుణ మాట్లాడిందా?" అని అడిగాడు. పిన్నమ్మ పోయిన సంగతి మాకు ముందే తెలుసు, అంతకు మించి తెలియదు. అమ్మ అంది: "నేను పొయ్యేటప్పటికి నోరు పడిపోయింది. భరిణె చేతిలో పెడితే పట్టుకునింది. నన్నే చూస్తా ఉండింది. పోయినేడు వచ్చింటే మాట్లాడుండేది." మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాయనకు కొంచెం తేలికయ్యేదేమో.

అమ్మ ముందు కూర్చోలేదు. వెనక తలుపు తీసుకుని, మూటల మధ్య ఒదిగి, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. నేను ముందు కుడి పక్కకు వెళ్ళాను. చెంగల్పట్టు దాటాక పాండిచ్చేరి బస్సొకటి మా ముందు నల్లగా పొగ వదులుతూ నిదానంగా పోతోంది. నాయన నన్ను అడగలేదు. అద్దంలోంచి వెనక్కి చూస్తూ, "రుక్కూ, పోవచ్చునా?" అన్నాడు.

అమ్మ కళ్ళు తెరవలేదు. "ఇంక పోతే ఏంది, పోకపోతే ఏంది" అంది.

నేను తల బయటపెట్టి చూశాను. ఎదురుగా ఏమీ లేదు, రోడ్డు ఖాళీగా ఉంది. "దారుండాది నాయనా, పో" అన్నాను. నాయన గేరు మార్చలేదు. తిండివనంలో బస్సు ఆగితే మేమూ ఆగాం, అది కదిలితే కదిలాం. పాండిచ్చేరి దాకా ఆ బస్సు వెనకే, దాని పొగ మింగుతూ వచ్చాం.